బోర్లించిన బొమ్మ

బూర్గంపాడు నుంచి వారం వారం మా బడికొచ్చి, నోరు విప్పని పిల్లలచేత బొమ్మలు వేయించే టీచరమ్మను అందరూ దేవత అనేవారు. నేనూ నమ్మాను.

నేను వేసిన ప్రతి బొమ్మనూ బల్ల మీద బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టేది. “ఇది మనిద్దరికే ఎరుక బిడ్డా, నేనింకెవ్వలకు చూపియ్య” అనేది. ఆ చేతి ధైర్యంతోనే, ఫారెస్టు గార్డయిన మా నాన్న అమ్మను బెల్టుతో కొట్టడం వేశాను.

బడి వార్షికోత్సవం నాడు ఆ బొమ్మ, కింద నా పేరుతో సహా, గోడకెక్కింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. టీచరమ్మ అదే అరచెయ్యి నా తల మీద పెట్టి, ముఖ్య అతిథితో మురిసిపోతూ చెప్పింది.

“చూడుండ్రి సార్, నోరు తెర్వని పోరి ఎంత మంచిగ గీసిందో!”

“అవ్ మేడం, మంచిగనే గీసింది” అన్నాడు వెనక నుంచి నాన్న, బెల్టు సవరించుకుంటూ.