గోదావరిఖనిలో బొగ్గు గ్యాసును పట్టుకున్న రోజు

ఈ ప్రయాణం మా ప్రిన్సిపాల్ గారి పుణ్యమే. నేను హనుమకొండలో కెమిస్ట్రీ చెబుతాను. బొగ్గు నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. కార్బన్ డయాక్సైడ్ వాటి గోడలకు అతుక్కుంటుంది. తవ్వలేనంత లోతులో ఉన్న బొగ్గు పొరల్లో ఆ గ్యాసును దాచవచ్చని సైన్స్ ప్రదర్శనలో చూపాలని నా పంతం. తీరా కాలేజీలో బొగ్గుపొడి డబ్బాలోకి గ్యాసు ఎక్కిస్తే ప్రెషర్ ముల్లు దిగిపోయింది. "బొగ్గూ లేదు, ఏమీ లేదు. లీకమ్మా అది! కాదని తేలిస్తేనే ప్రదర్శనలో టేబుల్ ఇస్తా," అన్నారాయన. నాకు ఒళ్లు మండింది. తాడో పేడో తేల్చుకుందామని బొగ్గు గనుల ఊరు గోదావరిఖనికే బయలుదేరాను.

కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే రామగుండంలో దిగవచ్చు. జనరల్ టికెట్ వందలోపే. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు దొరుకుతాయి, మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడానికి సిద్ధపడాలి. దిగిన చోట చాయ్ తాగుతూ, పొయ్యి పక్కనున్న బొగ్గులో కొంచెం ఇస్తావా అని కొట్టు అక్కను అడిగాను.

"చాయ్ కోసం వస్తరు గని, బొగ్గు కోసం వచ్చినామెను నిన్నొక్కదాన్నే చూసిన," అని నవ్వి సంచిలో పోసిచ్చింది.

వెల్డింగ్ షాపు యూసుఫ్ భాయ్‌కి ముందే ఫోన్ చేసి, మందపాటి పైపుతో డబ్బా చేయించాను. వెల్డింగ్‌కు వాడే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా ఆయన దగ్గరే ఉంది. ముందు ఖాళీ డబ్బాలో గ్యాసు నింపి చూస్తే, ఎక్కిన ముల్లు దిగకుండా అక్కడే నిలిచింది. "నా పనిల లీకుండదు మేడం, ఫికర్ చెయ్యకు," అన్నాడు మీసం దువ్వుతూ. తర్వాత బొగ్గు దంచి, పొడి నింపి, మళ్లీ గ్యాసు ఎక్కించాం. ముల్లు మెల్లగా దిగసాగింది. ఆయన మొహం మాడిపోయింది. పానా తీసుకుని ఉన్న బోల్టులన్నీ బిగించాడు. అయినా దిగుతూనే ఉంది. చివరికి పక్కనున్న పంక్చర్ షాపు నీళ్ల తొట్టిలో డబ్బాను ముంచాడు. ఒక్క బుడగ రాలేదు.

"గిదేందిది? గ్యాస్ ఏడికి పోయినట్టు?"

"బొగ్గు పట్టుకుంది భాయ్. వాల్వు తిప్పి గ్యాసంతా వదిలెయ్, మళ్లీ మూసెయ్."

వదిలాడు. ముల్లు సున్నాకు వచ్చింది. వాల్వు మూశాడు. కాసేపటికి ముల్లు తనంతట తానే పైకి లేవడం మొదలుపెట్టింది!

"యా అల్లా! బొగ్గు కక్కుతున్నది మేడం!" అని ఆయన అరిచిన అరుపుకి ఆటోవాళ్లు కూడా వచ్చి మూగారు. నేను సిగ్గు విడిచి ఈల వేశాను. వీడియో పంపిన కాసేపటికే ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. "ముందు వరుసలో టేబుల్ వేయిస్తున్నా. ఆ వెల్డర్‌ని కూడా పిలవండి," అన్నారు.

తిరుగు రైల్లో కిటికీలోంచి కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి, వాటి పొగలోనూ ఇదే గ్యాసు. భూమి లోపల బరువు అదిమి ఉంచినంతకాలమే బొగ్గు ఆ గ్యాసును పట్టి ఉంచుతుంది, పొరను కదిలిస్తే మళ్లీ కక్కేస్తుంది. పని అంత సులువు కాదని నాకూ తెలుసు. కానీ కాలేజీలో లీకని కొట్టిపారేసిన నా మాట నిజమని ఈరోజు ఊరంతా చూసింది. అంత సంతోషం నాకు ఈమధ్య ఎప్పుడూ కలగలేదు.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ఒక్క మాట: శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షాపు మూస్తారు, మరో రోజు చూసుకోండి.