మోకాలి మీట

సయీదా బీఎస్సీ రెండో ఏడు మధ్యలో వదిలేసి నరసరావుపేటకు కాపురానికి వచ్చేనాటికి, ఆ ఇంటి వసారాలో చేత్తో తిప్పే వైండింగ్ మిషను ఒకటి ఉండేది. భర్త మహమూద్ రేడియోలు, మైకుసెట్లు బాగుచేస్తాడు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం మాత్రం అతనికి పడదు. నూరు చుట్లు దాటేసరికి ఎవరో ఒకరు పలకరిస్తారు, లెక్క తప్పుతుంది. ఆ పని మెల్లగా సయీదా చేతికి వచ్చింది. 1986 నాటికి, బోరు మోటారు కాలిన రైతులు మహమూద్ కొట్టు దాటి తిన్నగా ఇంటికే వచ్చి "అమ్మాయి ఉందా?" అని అడిగేవారు.

ఆమె లెక్కంతా తస్బీ మీద. నూరు చుట్లు పూర్తికాగానే ఆ జపమాలలో ఒక పూస పక్కకు జరుపుతుంది. "దేవుణ్ణి తలుచుకునే పూసలతో కరెంటు పనులేందే?" అని అత్త జైనాబ్ బీ మొదట్లో గొణిగింది. తర్వాత ఆమే ఉరుసులో కోడలి లెక్కకని విడిగా ఒక తస్బీ కొనుక్కొచ్చింది.

మరిది హబీబ్ అంకారావు ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలికి ఇనప క్యాలిపర్ పడింది. ఎత్తు స్టూలు మీద కూర్చుని వాయిస్తాడు. చరణాల మధ్య వచ్చే సంగీతానికి గిటారు ఎకోలో మోగాలి, పాట అందుకోగానే ఎకో ఆగాలి. ఎకో పెట్టె మీట కాలితో తొక్కేది. క్యాలిపర్ కాలు లేవదు, మంచి కాలు లేపితే స్టూలు మీద నిలవలేడు. అందుకని పెట్టెను బల్ల మీద పెట్టుకుని చేత్తో నొక్కేవాడు. చెయ్యి తీగల మీదికి తిరిగి వచ్చేలోపు పాటలో ఒక చిల్లు పడేది.

ఒక శనివారం అతను అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా చెప్పాడు. "సోమవారం రిహార్సల్లో ఆ ఖాళీ ఇంకోసారి వినపడితే అంకారావు గుంటూరు నుంచి కీబోర్డు వాడిని పిలుస్తాడంట. ముప్పాళ్ళ పెళ్ళికి నేను వద్దంట వదినా."

"మీట ఒక్కటీ విప్పి స్టూలు కిందికి తెచ్చుకుంటే?"

"తెచ్చి చూశా. గిటారు శబ్దం పెట్టె నుంచి మీట దాకా వైర్లో పోయి వచ్చేసరికి పందిట్లో సీరియల్ లైట్ల రొదంతా పట్టుకొస్తంది. బుయ్యిమని ఒకటే మోత."

సయీదా కాసేపు ఆలోచించింది. గిటారు శబ్దం పెట్టె దగ్గరే ఉండాలి. దూరం వెళ్ళేది బ్యాటరీ కరెంటు మాత్రమే అయితే రొద అంటదు. ఆ కరెంటు రాగానే పెట్టె దగ్గర దారి మార్చే పని ఒక రిలే చేస్తుంది.

"స్టెబిలైజర్లో టిక్కు టిక్కుమంటదే, అదే," అంది. "స్టూలు పక్కన ఒక కాలింగ్ బెల్లు మీట బిగిద్దాం. మంచి కాలి మోకాలితో పక్కకి నొక్కు. నొక్కినంతసేపు ఎకో, వదిలితే మామూలు గిటారు."

మహమూద్ పాత స్టెబిలైజరు విప్పి రిలే ఒకటి తీసిచ్చి, మైకుసెట్టుతో కారంపూడి వెళ్ళిపోయాడు. అది ఇరవై నాలుగు వోల్టులకు పనిచేసేది. పొలాల్లో మోటార్లు వేస్తే పేటలో బల్బులు ఎర్రబడే రోజులు కాబట్టి సయీదా ఇంటి కరెంటును నమ్మలేదు. నాలుగు టార్చి సెల్లులకే అది పలకాలంటే, సన్న తీగ విప్పేసి అంతకంటే లావు తీగ పదిహేను వందల చుట్లు చుట్టాలని లెక్క కట్టింది.

తన తస్బీ ఆదివారమే తెగిపోయింది. పాకడం నేర్చిన కూతురు షహనాజ్ లాగేసింది. దొరకని ఒక్క పూస కోసం సయీదా మంచాల కింద రెండు గంటలు వెతికి, పిల్ల నోట్లో వేలు పెట్టి చూసి, చివరికి అది బియ్యం డబ్బా వెనక కనపడ్డాకే అన్నం తింది. సోమవారం అత్త తస్బీ అడిగి తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. సోల్డరింగ్ ఐరన్‌ను పిల్లకు అందకుండా ఎత్తు గూట్లో పెట్టి, దాని వైరును మేకుకు చుట్టింది. అయినా మధ్యమధ్య తల తిప్పి చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం పిల్ల ఏడిస్తే లేచి పాలిచ్చి వచ్చేసరికి, నమాజు ముగించిన జైనాబ్ బీ కళ్ళు మూసుకుని అదే తస్బీ తిప్పుతోంది.

"అత్తా! ఎన్ని పూసల దగ్గరుందో చూశావా?"

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఏందే, నా తస్బీ నేను తీసుకున్నా. దేవుడి లెక్క నాకు తప్పలేదు. నీ లెక్క నాకేం తెలుసు?"

గుమ్మంలో నిలబడ్డ హబీబ్ గడియారం వంక చూశాడు. నాలుగింటికి రిహార్సల్. మళ్ళీ మొదటినుంచి చుట్టే వ్యవధి లేదు.

సయీదా తీగ కొసను బ్లేడుతో గీకి మీటరు పెట్టింది. తీగ పొడవుతో పాటు పెరిగే నిరోధం ఇరవై ఎనిమిది ఓములు చూపింది. తను వేసుకున్న లెక్క ప్రకారం పదిహేను వందల చుట్లకు నలభై రావాలి. చుడుతూ, ఆపి చూస్తూ, ముల్లు నలభై దగ్గరికి వచ్చాక తీగ తెంపింది.

"ఇంత సులువైతే ఇన్నాళ్ళూ పూసలెందుకు జరిపావు వదినా?"

"మోటారు తీగ లావు. దానికి ఈ ముల్లు సున్నా వదిలి రాదు."

రిహార్సల్ గది మిరపకాయల కొట్టు మీద. సయీదా పిల్ల ముఖానికి కొంగు కప్పి మెట్లెక్కింది. హబీబ్ వద్దన్నా సంచిలో ఐరన్, సీసం తీగ తెచ్చుకుంది. అంకారావు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. డోలక్ వాయించే యల్లమంద తాళం ఎత్తుకున్నాడు. పల్లవి అయింది. హబీబ్ స్టూలుకు బిగించిన మీటను మోకాలితో నొక్కాడు.

స్పీకర్లో ఠప్పుమని మోగింది. షహనాజ్ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.

అంకారావు ఒక కన్ను తెరిచాడు. "ఒరేయ్, ఖాళీ పోయి టపాకాయ వచ్చిందేందిరా? పెళ్ళికి మందుగుండు వాళ్ళు వేరే ఉంటార్రా."

యల్లమంద నవ్వాడు.

సయీదాకు తప్పెక్కడో అర్థమైంది. ఎకో పెట్టె మొదట్లోని కండెన్సరులో నిలవున్న విద్యుత్తు, దారి కలిసిన క్షణాన ఒక్కసారిగా దూకుతోంది. అది ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా కారిపోవడానికి ఒక పెద్ద రెసిస్టర్ కావాలి. అలాంటిది సంచిలో ఉంది.

"అన్నా, పది నిమిషాలు," అంది. "పిల్లను పట్టుకో. ఐరన్ కాలుతుంటే దీన్ని కింద వదల్లేను."

"నేనా?"

"డోలక్ మీద పెట్టమంటావా?"

అంకారావు పిల్లను రెండు చేతులా దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. సయీదా నేల మీద కూర్చుని రెసిస్టర్ అతికించి, ఐరన్‌ను కిటికీ మీదికి ఎక్కించి, అది అక్కడే నిలిచిందని చూసుకుని లేచింది.

మళ్ళీ పల్లవి. ఈసారి గిటారు ఒక్కసారిగా దూరం నుంచి వస్తున్నట్టు విచ్చుకుని, పాట అందుకునే చోట మళ్ళీ దగ్గరికి వచ్చింది. మధ్యలో స్వరం ఎక్కడా తెగలేదు. అంకారావు ఈసారి కళ్ళు మూసుకోలేదు. హబీబ్ చేతులనే చూశాడు.

"ఎప్పుడు నొక్కావురా?"

"నొక్కి వదిలేశా కూడా అన్నా."

"ఇంకోసారి."

నాలుగు పాటలు వాయించాక అంకారావు పిల్లను సయీదాకు అందించాడు.

"ఒరేయ్ హబీబ్, గురువారం ముప్పాళ్ళ. వ్యాను రెండింటికి."

"మరి గుంటూరాయన?"

"వాడికి ఏదో ఒకటి చెబుతాలే. ఆ స్టూలు కూడా తేవాలా?"

"స్టూలు లేకపోతే మీట లేదన్నా."

"వ్యానులో చానా ఇరుకురా," అని అంకారావు ఒక్క క్షణం ఆలోచించాడు. "సరే, యల్లమంద బస్సులో వస్తాడు."