కప్పు ఊపడం తెలియని రోజు

ఏలకులు వేసి మరిగించిన అరబ్బుల కాఫీ, కహ్వా వాసన తగిలితే చాలు, నాకు విజయగారు గుర్తొస్తారు. ఇవాళ ఇక్కడ ఒమాన్‌లో, దార్సైట్‌లోని మా ఆఫీసు మెట్లెక్కుతుంటే పక్క ఫ్లాట్లోంచి గుప్పుమంది, కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆవిడ నా మొదటి బాస్. ఇళ్ల ప్లాన్లు గీసే ఈ చిన్న ఆఫీసును ఏళ్ల తరబడి నడిపి, పోయినేడు కాకినాడ వెళ్లిపోయారు.

నాకు ఆటిజం. ఎదుటివాళ్ల మొహం చూసి మనసులో మాట పట్టుకోవడం నాకు చేతకాదు. మీటింగులో మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. అందరూ గడియారాలు చూసుకున్నారని తర్వాత ఎవరో నవ్వుతూ చెబితేగాని అర్థమయ్యేది కాదు. ఎక్కడికెళ్లినా కూరలో కరివేపాకును నేనే అనుకునేవాణ్ణి. ఒక ఉదయం ఆవిడ బల్ల ముందు నిలబడి, "మానేస్తానండీ. నేను దేనికీ పనికిరాను" అన్నాను. ఆవిడ కంగారుపడలేదు, బుజ్జగించలేదు. "సరే, తర్వాత మాట్లాడుకుందాం. ఇవాళ నిజ్వాలో ఆ పెద్దాయనకి ప్లాన్ చూపించాలి. గీసింది నువ్వేగా, పద" అన్నారు.

ఇంటికి వెళ్లగానే ఆ ఒమానీ పెద్దాయన మాకు ముందుగా ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పులో కహ్వా పోశారు. తాగాను. మళ్లీ పోశారు. వద్దంటే మర్యాద కాదేమోనని తాగాను. ఆయన పోస్తూనే ఉన్నారు, నేను తాగుతూనే ఉన్నాను. నేను మళ్లీ కప్పు చాపడం చూసి, విజయగారు తన ఖాళీ కప్పును వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించారు. "ఇలా ఊపితే చాలని అర్థం నాయనా. ఊపకపోతే పోస్తూనే ఉంటారు." పెద్దాయన పడీపడీ నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తిరుగుదారిలో, కారులో అన్నాను, "చూశారా, కాఫీ తాగడం కూడా రాదు నాకు."

"కొత్తలో నేనూ నీకంటే ఎక్కువే తాగాను. ఎవరూ చెప్పలేదు, తెలీలేదు. దానికి నన్ను నేను తిట్టుకోలేదే. నువ్వెందుకు తిట్టుకుంటావు?"

"మీకు కాఫీ ఒక్కటేనండీ. నాకు అన్నీ అంతే."

ఆవిడ నెమ్మదిగా అన్నారు, "అయితే మేం చెప్పాలి. చెప్పకుండా నవ్వడం మా తప్పు."

పెద్దవాళ్లు ఓదార్పుకి ఏదో ఒకటి అంటారులే అనుకున్నాను. మర్నాడు, ముందు నన్ను అడిగి, నేను సరేనన్నాకే అందరినీ కూర్చోబెట్టారు. "ఇకమీదట ఇతనికి కళ్లతో సైగలు చేయకండి. ఏం కావాలో నోటితో చెప్పండి. నాకు కూడా" అన్నారు. నా మాట దారితప్పితే, ముందే నాతో అనుకున్న గుర్తుగా, తన అరచెయ్యి బల్ల మీద ఆనించేవారు, ఇక ఆపమని. క్లయింట్ ఎంత గొప్పవాడైనా సరే, ఆయన ఎదుటే. నన్ను మార్చాలని అంతకుముందు ఎంతమంది ఎన్ని పాట్లు పడ్డారో. మిగతావాళ్లే కాస్త జరిగి నాకు చోటివ్వొచ్చని ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆవిడకెలా తట్టిందోనని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కొన్నాళ్లకి ఆవిడే అడిగారు, "మానేస్తానన్నావు, తర్వాత మాట్లాడుకుందామన్నాను. ఇప్పుడేమంటావు?"

"ఉంటానండీ."

"మంచిది" అని పనిలో పడిపోయారు.

ఇప్పుడు క్లయింట్లతో నేనే మాట్లాడతాను. తడబడతాను, నవ్వేవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. కానీ "అర్థం కాలేదండీ, విడమరిచి చెప్పండి" అనడానికి నాకిక సిగ్గు లేదు. మొన్నొక మీటింగులో అలాగే అడిగాను. నా ఎదురుగా కూర్చున్న సీనియర్ ఇంజనీరు గొంతు తగ్గించి, "నాకూ అర్థం కాలేదు" అన్నాడు. అర్థం కానిది ఈ లోకంలో నాకొక్కడికే అనుకుని, ఎన్నేళ్లు తల వంచుకు తిరిగానో.