చామంతుల మీదికి వచ్చిన మేక

మా ఇంట్లో ముందు గది మనుషులది కాదు, పత్తిది. ఏన్కూరు దగ్గర మా ఊళ్లో పత్తి ఏరినప్పటి నుంచి రేటు వచ్చేదాకా అది మా అందరికంటే దర్జాగా ఆ గదిలోనే పడుకుంటుంది. వచ్చిన చుట్టాలను కూడా దాని మీదే కూర్చోబెడతాను. ఆ ఏడు ఆ కుప్పలో ఒక పిల్లి ఈనిన సంగతి మాత్రం పత్తిని మార్కెట్‌కు తీసుకుపోయే వ్యాను వాకిట్లోకి వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

పెద్ద గోనె బోరాల్లో పత్తి తొక్కి నింపుతుంటే మూలన నాలుగు పిల్లలు బయటపడ్డాయి. కళ్లింకా తెరవలేదు. ఆ మూల వదిలేసి తక్కిన పత్తి నింపమన్నాను. కానీ తల్లికి అప్పటికే మా మీద నమ్మకం పోయింది. ఒక పిల్లను నోట కరుచుకుని వేరే చోటు వెతుక్కుంటూ వెళ్లింది. వెళ్లి వెళ్లి ఎక్కడ దాచిందో తెలుసా? వ్యానులో, బోరాల సందున. మిగతా మూడింటి కోసం అది మళ్లీ దిగేలోపే మా ఆయన టార్పాలిన్ కట్టించి డ్రైవర్ పక్కన ఎక్కాడు. ఈ సంగతి మాకు ఖమ్మం మార్కెట్ నుంచి ఆయన ఫోన్ చేస్తేనే తెలిసింది.

"పిల్లి నాతోనే వచ్చిందే. తాడు ఇప్పంగనే పిల్లను నోట్ల పెట్టుకొని దుంకి మిర్చి బస్తాల సందుకు పోయింది. ఎంత దేవులాడినా దొరకలే."

"ఇప్పుడేం చేస్తున్నవయ్యా?"

"చాయ్ తాగుతున్న."

నాకు ఒళ్లు మండింది.

నాకు పిల్లులంటే ప్రేమ అనుకునేరు. వాటి పొడ గిట్టదు. పాలగిన్నె మీద మూత మరిచిపోయిన రోజున ఎవరికైనా తెలుస్తుంది వాటి సంగతి. కానీ మూలన మూడు గొంతులు ఆగకుండా అరుస్తుంటే అన్నం ఎట్లా దిగుతుంది? గంపలో మిగిలిన పత్తి పరిచి వాటిని పెట్టాను. మా బర్రె పాలు వెచ్చబెట్టి ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్కగా పట్టాను. మా బర్రె పాలంటే ఊళ్లో పేరు, మీగడ అట్టలా కడుతుంది. ఇంకేం కావాలి అనుకున్నాను. తెల్లారేసరికి గంపంతా విరేచనాలు. అన్నిటికంటే చిన్నది, నల్లది, మెడ కూడా ఎత్తడం లేదు.

గంప నెత్తిన పెట్టుకుని పశువుల దవాఖానాకు పోయాను.

"గింత చిక్కటి పాలు వీటికి అరుగుతయా అమ్మా?" అన్నాడు అక్కడి కాంపౌండర్. "పిల్లి పిల్లలకు పట్టే పొడి ఉంటది, ఖమ్మంలనో కొత్తగూడెంలనో అడగాలె. అది దొరికేదాక మేకపాలు పట్టు. ఎల్లకిల పడుకోబెట్టకు, బోర్లనే ఉంచి పట్టు. తాగినంక కింద తడిగుడ్డతోని తుడువాలె. తల్లి నాకితేనే ఒంటికి, రెంటికి వస్తది వాటికి. ఆ పని ఇప్పుడు నీదే."

ఆ పని మా ఆయనకు అప్పగించాను. తల్లిని ఖమ్మంలో దింపి వచ్చిన మనిషి తల్లి పని చెయ్యక ఏం చేస్తాడు? ఊళ్లో పంచాయితీలు చెప్పే పెద్దమనిషి, అరుగు మీద కూర్చుని తడి పత్తితో పిల్లి పిల్లల ముడ్లు తుడుస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు.

"ఏందన్నా, కొత్త కొలువా?"

"అవ్, పర్మినెంటు," అనేవాడు తల ఎత్తకుండా.

పొడి కోసం మనుషులకు చెప్పి పంపాను గానీ, ఈలోగా మేకపాలు కావాలి. మా పత్తి ఏరడానికి అడవి అంచు గూడెం నుంచి ఒక అవ్వ వస్తుంది. ఆమెకు మేకలున్నాయి. నల్లదాన్ని కొంగులో చుట్టుకుని, చెంబు పట్టుకుని వెళ్లాను.

"అవ్వా, జర ఇన్ని మేకపాలు పిండియ్యి."

అవ్వ నా చెంబు వంక చూసింది. "మేం పాలు పిండం బిడ్డా. పిల్లవి పిల్లకే."

మా చేనికి వచ్చినప్పుడల్లా ఆమె నల్ల చాయ్ అడిగేది. పాలు పోస్తానంటే వద్దనేది. ఇన్నేళ్లూ మొహమాటం అనుకున్నాను. మా ఇంట్లోనేమో దూడను గుంజకు కట్టేసి మరీ పిండుతాం. ఆమెతో వాదించడానికి నాకు ముఖం చెల్లలేదు. కొంగు విప్పి నల్లదాన్ని చూపించాను.

"దీనికి, ఇంటికాడున్న ఇంకో రెండింటికి తల్లి లేదవ్వా. గిట్లనే ఉంటే ఇది పోతది."

అంటూనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను. పిల్లి కోసం ఏడుస్తానని కలలో కూడా అనుకోలేదు.

అవ్వ దాన్ని అరచేతిలోకి తీసుకుని కడుపు తడిమింది. దొడ్డి చివర విడిగా నిలబడ్డ మచ్చల మేకను చూపించింది. "దాని పిల్ల మొన్న సచ్చిపోయింది. పొదుగు గట్టిపడి ఒకటే అరుస్తంది. దాని పాలు తాగేటోళ్లు లేరు. అడుగు, ఇస్తదేమో."

"మేకనా?"

"మరి పాలు నావా?" అంది అవ్వ. "ఒక్క మాట. దాని పాలు తాగితే వీళ్లు దాని పిల్లలే. పొద్దున, మాపు వచ్చి దానికి మేత పెట్టాలె. ఉత్త చేతులతోని రావద్దు."

సుబాబుల్ కొమ్మ విరిచి తెచ్చి మేకను అడిగాను. బర్రెలు పిండిన చేతులకు మేక చన్లు అందితేగా? చెంబు తన్నింది, నా కొంగు నమిలింది. అవ్వ గుడిసె ముందు కూర్చుని కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. చివరికి దాని డొక్కకు చెంప ఆనించి, "ఇయ్యవే తల్లీ" అని బతిమాలితే ఇచ్చింది.

అట్లా పొద్దున, సాయంత్రం గూడేనికి నా తిరుగుడు మొదలైంది. నల్లదాన్ని వెంట తీసుకుపోయి పాల వెచ్చదనం ఆరకముందే అక్కడే పట్టేదాన్ని. మేక మెడ వంచి దాని వీపు వాసన చూసేది. మిగతా రెండూ తొందరగానే తేరుకుని కళ్లు తెరిచాయి. నల్లది మాత్రం మా తల ప్రాణం తోకకు తెచ్చింది. ఒకరోజు ఫిల్లరు నోట పెట్టినా చప్పరించలేదు. మా ఆయన దాన్ని బనీను లోపల పెట్టుకుని, పంచాయితీకి రమ్మని మనుషులు వస్తే కదలనన్నాడు. "దీన్ని నేను పోనియ్య," అన్నాడు నాతో. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మీద నాకు అంత ప్రేమ కలిగిన రోజు ఇంకొకటి లేదు. మర్నాడు అది ఫిల్లరు కొన కొరికింది.

పళ్లొచ్చి, చేపల పులుసు మెతుకులు తినడం నేర్చాక పాలతో పని తీరింది. పొడి డబ్బా తీరిగ్గా అప్పుడొచ్చింది. అవ్వకు చెప్పి, నేను గూడేనికి పోవడం మానేశాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున గేటు దగ్గర ఒకటే అరుపు. చూస్తే మచ్చల మేక. మా వాకిట్లోకి మేకను రానిచ్చే అలవాటు నాకు లేదు, నా చామంతుల జోలికి వస్తే ఊరుకోను. కట్టె తీసుకుని లేచాను. నాకంటే ముందు నల్లది తోక నిటారుగా లేపి ఉరికింది. మేక గేటు సందులోంచి మూతి పెట్టి దాన్ని తల నుంచి తోకదాకా వాసన చూసింది, తర్వాత నాకడం మొదలుపెట్టింది. మంద వెనకాల వస్తున్న అవ్వ ఆగింది.

"నువ్వు వస్తలేవని అదే వచ్చింది బిడ్డా."

కట్టె పక్కన పెట్టి గేటు తీశాను. మేక లోపలికి వచ్చి, తన కాళ్ల సందున నల్లది తిరుగుతుండగా, తిన్నగా చామంతుల మీద పడింది.

"ఏమే, నీ పూలు తింటంది చూడు," అన్నాడు మా ఆయన అరుగు మీది నుంచి.

"తిననియ్యి," అన్నాను. "బిడ్డను చూడనీకి వచ్చింది. ఉత్త కడుపుతోని పంపుతమా?"