గుట్టంచున గడ పరీక్ష

కొత్త జిల్లా ఏర్పడ్డ మరుసటేడు, ఆగస్టులో, నన్ను కోస్తా నుంచి పుట్టపర్తికి బదిలీ చేశారు. పర్యాటక శాఖలో దృశ్య మదింపు నా పని. అంటే ఒక చోటి అందానికి మార్కులు వేసి, అది చెడకుండా అక్కడ ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పడం. అప్పటిదాకా నేను తిరిగిందంతా సముద్ర తీరాల్లోనే. ఇసుక రంగు, నీటి తేట, ఒడ్డున చెత్త, వెనకాల కట్టడాలు, ఒక్కోదానికీ మార్కులుండేవి. సముద్రాన్ని చూసి జీతం తీసుకునే మనిషి అని ఆఫీసులో నన్ను ఏడిపించేవాళ్లు. కాదనడానికి నా దగ్గర గట్టి వాదనేమీ ఉండేది కాదు.

సముద్రమే లేని జిల్లాలో నీకేం పని అని మా ఆవిడ అడిగింది. సొంతూరు హిందూపురానికి దగ్గరని నేనే బతిమాలి వేయించుకున్నాను. అయినా పద్ధతి ఒకటే. తీరాలు ఎక్కువగా ఒకే తప్పు వల్ల పాడవుతాయి. అందరికీ అంచునే కట్టాలనుంటుంది. ముందు వరసలో నాలుగు హోటళ్లు లేచాయంటే, వెనకున్నవాళ్లకు సముద్రం పోయి వాటి నీళ్ల ట్యాంకులు మిగులుతాయి. గుట్టలకూ అదే జబ్బు.

నా ముందుకొచ్చిన మొదటి దరఖాస్తు రామాంజులుది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి అతనిది. పెనుకొండకూ ఎర్రమంచికీ మధ్య తన పట్టాభూమిలో ఉన్న గుట్ట మీద, సరిగ్గా అంచున, రెండంతస్తుల లాడ్జీ కడతానన్నాడు. కార్ల ఫ్యాక్టరీకి వచ్చిపోయేవాళ్లు దిగుతారని అతని ఆశ. చీరల గిరాకీ పడిపోయింది, ఇంటిల్లిపాదీ ఇక దీని మీదే బతకాలి అన్నాడు. నేను కాదంటే అనుమతి రాదు. సరేనంటే, హైవే మీద పోయేవాళ్లకు ఆ కొండల వరస ఇక అట్లా కనిపించదు.

ఇలాంటప్పుడు మేం గడ పరీక్ష చేస్తాం. భవనం ఎంత ఎత్తో అంత వెదురుగడ అక్కడ నాటి, కొనకు రంగుగుడ్డ కట్టి, జనం తిరిగే చోట్ల నుంచి చూస్తాం. గుడ్డ వెనక కొండ కనిపిస్తే ఫరవాలేదు. ఆకాశం కనిపిస్తే, భవనం గుట్ట గీతను తెంచేసినట్టే. గుడ్డ సంగతి నువ్వే చూసుకో అని రామాంజులుకు చెప్పి, సర్వేయర్ మస్తాన్‌తో కలిసి నేను హైవే మీద నిలబడ్డాను.

చూద్దును కదా, గడ కొనన మిరపపండు రంగు పట్టుచీర. ఇంతేసి జరీ అంచు. లారీవాళ్లు బండ్లు నిదానం చేసి మరీ చూసిపోతున్నారు. ఇంతలో ఫోన్ మోగింది.

"ఏమన్నా, కనపడతాండాదా?" రామాంజులు.

"బ్రహ్మాండంగా."

"రైల్వే గేటుకాడికి మనిషిని పంపిచ్చినా. ఆడికి కూడా కనపడతాండాదంట!"

మస్తాన్ నవ్వు ఆపుకోలేక జీపు వెనక్కి పోయాడు.

"కనపడకూడదప్పా. పరీక్షే అది," అన్నాను.

"అంగడి పెట్టేది కనపడకుండా ఉండేదానికా? యాడ నేర్చినావన్నా ఈ ఉద్యోగం?"

అతన్ని తప్పుపట్టే యోగ్యత నాకు లేదు. హిందూపురంలో మా నాయనదీ బట్టల అంగడే. బోర్డు వీధి మలుపుకు కనిపించడం లేదని పెయింటరును తిప్పితిప్పి చంపిన మనిషి ఆయన. అందుకే ఉపన్యాసం మాని, గుట్టెక్కి, బేరానికి కూర్చున్నాను.

"నీ అంగడికి అడ్డంగా ఇంకొకడు బోర్డు పెడితే ఏం చేస్తావు?"

"వాన్ని ఊరికే ఇడుస్తానా?"

"లాడ్జీకొచ్చేవాడు కొనేది ఈ గుట్టనే. దానికి నువ్వే అడ్డం నిలబడతాండావు."

అతను గడ్డం గోక్కున్నాడు. అరవై అడుగులైనా చాలనుకుంటూ, వంద అడుగులు వెనక్కి జరగమన్నాను. అతను ఇరవై అన్నాడు. నేను లేచినట్టు నటించాను. అతను నిట్టూర్చాడు, పెళ్లాంపిల్లల్ని తలుచుకున్నాడు. చివరికి ఎనభై దగ్గర తెగింది. పెద్ద బండల వెనక, ఒకే అంతస్తు, గోడలకు బండ రంగు. గడను అక్కడ నాటి మళ్లీ కింది నుంచి చూశాం. చీర మాయం. ఆ విజయగాథ ఇంట్లో మా ఆవిడకు విసుగొచ్చేదాకా చెప్పాను.

లాడ్జీ ప్రారంభానికి పిలిస్తే పోయాను. భోజనాల్లో నా పక్కన కూర్చున్న మేస్త్రీతో, అంచున కట్టివుంటే గుట్ట ఆగమయ్యేది అన్నాను. అతను వింతగా చూశాడు.

"అంచునా? ఆడంతా ఒకటే బండ, పునాది యాడ దిగుతాది సార్? మేము మొదట్నుంచీ ఈడనే కదా అనుకున్నింది."

రామాంజులు వడ్డిస్తున్నవాడు ఆగలేదు. "ముందే ఈడ అడిగింటే, నన్ను గుట్ట కిందికి దింపుతాంటివి కదన్నా" అని నా ఆకులో ఇంకో ఓళిగ వేశాడు.

నిజమే, దింపేవాణ్ణే. మరి ఆ చీర కూడా నాటకమేనా అని అడిగాను. "అది మాత్రం నాకు తెలీకనేలేన్నా" అన్నాడు. నమ్మాలో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ దరఖాస్తుదారుణ్ణీ ఒక్క స్థలంతో వదల్లేదు. రెండు చూపించమనేవాణ్ణి, మేస్త్రీని వెంట తెచ్చుకోమనేవాణ్ణి. దరఖాస్తులో ఉండేది మనిషి అడిగే చోటు. కట్టే చోటు ఏదో తెలిశాకే గడ నాటాలి.