బెలుంలో నాయన తట్టిన రాయి

ఆ ట్రిప్పుకు నాయన్ను లాక్కొనిపోయింది నేనే. ఇంకెవర్నీ అనేదానికి లేదు. ఆళ్లగడ్డలో మా చర్చి వాళ్లు బెలుం గుహలు, గండికోట లోయ ఒకే దినంలో చూపించి తెస్తామని శనివారానికి వ్యాను మాట్లాడినారు. గైడు నంద్యాల ఆయన, రిటైరైన సోషలు సారు. "సోమవారం నుంచి ఎట్లాగూ మళ్లీ గనికి పోతావు, ఒక్క దినం నాతో రా నాయనా" అని నస పెట్టి ఎక్కించినా.

నాయన నలభై ఏండ్లు కొలిమిగుండ్ల దిక్కు నాపరాళ్ల గనుల్లో చేసినాడు. ఆయన పని రాయిని తట్టి చెప్పడం. చిన్న సుత్తితో బండను టక్కుమని కొడతాడు, ఇంకో చెయ్యి దానిమీదే పెట్టి వింటాడు. ఖంగుమంటే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల పగులు. ఆయన తల ఊపినాకే మిగిలినోళ్లు ఉలి పెట్టేది. మా అమ్మ పోయినాక పని మానేసి ఏడాది ఇంట్లో కూచున్నాడు. అప్పుడు చూడాల మనిషిని, అన్నం ముందర పెడితే తింటాడు, లేకుంటే అదీ లేదు. గని మేస్త్రీ నాకు ఫోన్ చేసి "అప్పను మళ్లీ రమ్మనుమ్మా, సోమవారం పొద్దున్నే జీపు పంపిస్తా" అన్నాడు. ఆ మాట చెప్పినానో లేదో, నాయన లేచి గడ్డం గీసుకున్నాడు. సుత్తికి కొత్త పిడి వేసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎదురుగా మాట్లాడితే బాగానే బదులిస్తాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. దిగులనుకున్నా. కొన్నిసార్లు పొగరనుకొని అరిచినా గూడా. నా నోరు అట్లాంటిది.

గుహలో ఒకటే ఉక్క. పైపుల్లో గాలి వదుల్తాన్నా చెమట కారిపోతాంది. సప్తస్వరాల గుహ దగ్గర గైడు సారు మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, వేలాడే రాళ్లను వేళ్లు మడిచి తట్టినాడు. అబ్బ! ఒక్కోటి ఒక్కో స్వరం. పాస్టరమ్మ "స్తోత్రం" అనేసింది. నాయన మాత్రం మొగం చిట్లించుకొని ముందుకు పోయినాడు.

"ఇది పనికిరాదు సారూ. లోపల పగిలుండాది."

"ఏందప్పా, ఇంత బాగా మోగుతాంటే!"

"నలభై ఏండ్లుగా ఇదే పని నాది. మోగే రాయేదో నాకు తెలీదా?"

తనే తట్టినాడు. రాయి గంట మాదిరి మోగింది. చెయ్యి పెట్టి చూసినాడు, మళ్లీ తట్టినాడు. "చచ్చు రాయి" అని తేల్చేసినాడు. ఎవరో కిసుక్కున నవ్వినారు. నాకు తల కొట్టేసినట్లయింది. "చాల్లే రా, పరువు తీస్తాండావ్" అని వెనక నుంచి రెక్క పట్టుకొని ఈడ్చుకొచ్చినా. ఆ మాట ఆయనకు వినబడలేదు. ఇప్పటికీ నాకు మిగిలిన మేలు అదొక్కటే.

చిత్రాన్నం తిని గండికోట చేరేసరికి పొద్దు వాలుతాంది. కింద ఎక్కడో పెన్న, రెండు పక్కలా ఎర్రబండలు. "ఈడ్నుంచి గట్టిగా కేకేయండి, అవతలి గట్టు తిరిగి పలుకుతాది" అన్నాడు గైడు సారు. అందరూ వరసగా అరిచినారు. నాయనకు ఉషారొచ్చింది. నోటికి చేతులు అడ్డం పెట్టి, గనిలో బండలు పగలేసే తోటా పేల్చే ముందు అరిచే కేక అరిచినాడు.

"ఓ... పక్కకు పోండప్పో!"

ఎంత తేటగా తిరిగొచ్చిందో! ఒకసారి కాదు, రెండుసార్లు. అందరూ చప్పట్లు కొట్టినారు. నాయన చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమన్నాడు.

"ఉండండప్పా, రానీయండి" అన్నాడు. అవతలి గట్టు దిక్కే చూస్తా నిలబడినాడు.

చప్పట్లు ఆగిపోయినాయి. గనిలో మనిషి ప్రాణం నిలబెట్టేది ఆ కేకే. అది విని అందరూ పరిగెత్తాల. సోమవారం ఎవడో ఆ కేక వేస్తాడు, మా నాయన బండమీద చెయ్యి పెట్టుకొని కూచొనే ఉంటాడు. ఏడాది పొడుగునా ఒకే ఇంట్లో ఉండి ఇది కనిపెట్టలేకపోయినానే, నా బతుకు చెడ! "వచ్చిందా?" అని నా మొగం చూసినాడు. తల ఊపినా. "చెప్పలా!" అని నవ్వినాడు.

ఆదివారం చెబుదామని మూడుసార్లు దగ్గరికి పోయినా. చెప్తే, నాకేం, బాగానే వినబడతాదంటాడు. గనికి పోయే తీరతాడు. మేస్త్రీకి ఫోన్ చేద్దామన్నా చెయ్యి రాలేదు. చేస్తే నాయన పని నా చేత్తో నేనే తీసేసినట్లు.

సోమవారం తెల్లారకముందే స్నానం చేసి, క్యారేజీ కట్టించుకొని, వీధికి వీపు పెట్టి మంచంమీద కూచున్నాడు. సుత్తి ఒళ్లో ఉంది. జీపు వచ్చి వాకిట్లోనే మూడుసార్లు హారన్ కొట్టింది. ఆయన కదల్లేదు. నేను బయటికి పోయి "మా నాయన రాడన్నా, ఇంక ఎప్పటికీ రాడు" అని చెప్పి పంపించేసినా. కండ్లు తుడుచుకొని లోపలికొచ్చినా.

"చెవులు రిక్కించుకొని కూచోనుండా మే, జీపు రాలేదేందీ?" అన్నాడు.

రాలేదని తల అడ్డంగా ఊపినా.

"మర్చిపోయింటారులే నన్ను" అన్నాడు. సుత్తి మాత్రం కింద పెట్టలేదు.