సరుకు దిగకముందే దింపిన ఆయిల్

మా నాన్న డింగీ ఇంజన్ల మెకానిక్కు, అంటే చిన్న వేట పడవలవి. చదువు లేదు. చిన్న చుక్క ఆయిల్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది సచ్చిపోనాది, మార్సీండి" అనో, "ఇంకో సీజను లాగుతాది" అనో తేల్చేసేవాడు. శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకొచ్చి చేపల వేటతో బతికే మావాళ్లలో ఆయన మాటకు తిరుగుండేది కాదు. డింగీ గేర్‌బాక్సుకు ఫలానా ఆయిలే కావాలని ఎవడూ అడిగిన పాపాన పోలేదు. షిప్పు ఏది తెస్తే అదే పోసేవాళ్లు. నాకూ అదే నేర్పాడు. "పుస్తకం సూడకు, సెయ్యి సూడు. సెయ్యి అబద్దమాడదు" అనేవాడు.

నా చెయ్యి ఆడింది. చెయ్యిని అనడం ఎందుకులెండి, ఆడింది నేను.

అప్పటికి బతుబస్తీలో నాకు సొంత షెడ్డు ఉంది. డింగీలు వదిలేసి కార్ల పనిలోకి వచ్చి చాలాకాలమైంది. చేతి మీద గర్వం కూడా బాగా పెరిగింది. కస్టమరు ఎవరైనా "ఇంటర్నెట్లో ఇలా ఉంది భయ్యా" అన్నాడో, "అయితే దాన్నే వచ్చి రిపేరు చెయ్యమను" అని కసిరేవాణ్ణి. జనం నవ్వేవాళ్లు. నాకూ అది బాగుండేది.

మా టీచర్‌గారి కారు నా దగ్గరికే వచ్చేది. చిన్నప్పుడు నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే. రిటైరయ్యాక భర్తతో లంబాలైన్‌లో ఉండేవారు. ఎడమ మోకాలు పాడై క్లచ్ తొక్కలేకపోతుంటే, క్లచ్ లేని ఆటోమేటిక్ బండి సెకండ్ హ్యాండ్‌లో నేనే చూసి కొనిపించాను. ప్రతి ఆదివారం పొద్దున్నే దాన్ని చాతం జెట్టీకి తీసుకెళ్లి, బళ్లు దాటించే వెహికల్ ఫెర్రీ ఎక్కించి, అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో దిగి, మిట్ట మీదున్న మావాళ్ల బస్తీకి వెళ్లేవారు. అక్కడి పిల్లలకు ఉచితంగా తెలుగు చెప్పేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు. ఆవిడ వెళ్లకపోతే వాళ్లకు చెప్పే దిక్కు లేదు, కారు లేకపోతే ఆవిడ వెళ్లలేరు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఒక రోజు ఆవిడ కారుతో వచ్చిన పుస్తకం పట్టుకుని షెడ్డుకు వచ్చారు. ఒక పేజీలో పెన్సిలుతో గీత గీసి ఉంది.

"ఒరేయ్, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చే కిలోమీటర్లు దాటిపోయాయి. అదీ సీవీటీ ఆయిలే పోయాలట, వేరేది పనికిరాదట. చూడు, ఇక్కడ రాసుంది."

"నాకు తెలీదా టీచర్‌గారూ? పుస్తకం లోపల పెట్టండి" అన్నాను. చిన్నబుచ్చుకున్నారేమో, బ్యాగులో పెట్టేసుకున్నారు.

నిజానికి సగమే తెలుసు. సీవీటీ అంటారే, ఈ బళ్ల గేర్‌బాక్సులో రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు ఒకటి తిరుగుతుంది. కప్పీ చెంపలు దగ్గరికి జరిగితే ఒక వేగం, ఎడం జరిగితే ఇంకో వేగం. ఇదంతా తెలుసు. తెలియనిది ఆయిల్ సంగతి. మామూలు ఆయిల్ ఇనుము మీద ఇనుము హాయిగా జారితే చాలనుకుంటుంది. ఇక్కడ అలా కాదు. అరగకుండా కాపాడుతూనే బెల్టు కప్పీ మీద పట్టు తప్పకుండా చూడాలి. ఆ పట్టు వేళ్ల మధ్య నలిపితే తెలిసేది కాదు.

సరైన ఆయిల్ చెన్నై నుంచి షిప్పులో రావాలి. ఆర్డరు పెట్టాను. శనివారం పొద్దున్న స్పేర్ పార్టుల దుకాణం వాడు ఫోన్ చేసి, "షిప్ లగ్ గయా భయ్యా, దోపహర్ తక్ మాల్ మిల్ జాయేగా" అన్నాడు. షిప్పు జెట్టీకి కట్టారంటే, మధ్యాహ్నానికల్లా సరుకు చేతికొచ్చినట్టే లెక్క మాకు. దీవుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, షిప్పు రావడం వేరు, సరుకు దిగడం వేరని నాకు తెలియాలి. బుద్ధి గడ్డి తిని, డ్రెయిన్ నట్టు విప్పి పాత ఆయిలంతా దింపేశాను. దింపి ఊరుకున్నానా, పాత ఆయిల్ డ్రమ్ములో వంపేశాను. శనివారం మావాళ్లు వచ్చి ఆ డ్రమ్ము పట్టుకుపోతారు, చెక్క పడవలకు పూసుకోవడానికి. పదకొండింటికల్లా వాళ్లొచ్చి పట్టుకుపోయారు.

పన్నెండింటికి వాన మొదలైంది. వానలో షిప్పు హాచ్, అంటే సరుకు గది మూత, తెరవరు. సరుకు దిగదు. దుకాణం వాడు మళ్లీ ఫోన్ చేసి, "సోమ్‌వార్ కో దేఖేంగే" అన్నాడు. సోమవారం కాదు, బుధవారం దాకా వాన వదల్లేదు.

కారు ఖాళీ గేర్‌బాక్సుతో షెడ్డులో ఉంది. టీచర్‌గారికి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పొచ్చు. "ఈ ఆదివారం ఆగండి, తొందరపడి దింపేశాను" అంటే అయిపోయేది. అంతకుముందు వారమే ఆవిడ తనంతట తానే, "షిప్పు వచ్చేదాకా ఆగుదాంలేరా, పిల్లలకు ఒక వారం సెలవిస్తాను" అన్నారు కూడా. కానీ పుస్తకం లోపల పెట్టమన్న నోటితో తొందరపడ్డానని చెప్పడానికి నాకు నామోషీ.

అలమరలో ఎర్ర ఆయిల్ డబ్బాలున్నాయి, పాతరకం ఆటోమేటిక్ బళ్లకు పోసేది. మూత తీసి ఒక చుక్క వేళ్ల మధ్య వేసుకున్నాను. ట్రే అంచున మిగిలిన పాత ఆయిల్ ఇంకో చేతి వేళ్ల మధ్య వేసుకున్నాను. నలిపాను. వాసన చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. మా నాన్న పక్కన నిలబడి "లాగుతాది" అన్నట్టే అనిపించింది. దింపేటప్పుడు కొలిచిన లెక్క ప్రకారం అంతే పోసి, సాయంత్రానికి బండి లంబాలైన్‌లో అప్పజెప్పాను.

"సీవీటీ ఆయిలేనా?" అని అడిగారు.

"అదే టీచర్‌గారూ" అన్నాను.

బుధవారం అసలు డబ్బా వచ్చింది. ఇక్కడే నేను మనిషిని కాకుండా పోయాను. అప్పటికి బండి నడిచింది ఒక్క ఆదివారమే. పిలిచి, దింపి, కొత్తది పోసుంటే బహుశా ఏమీ అయ్యేది కాదు. ఎందుకు పిలిచావంటే ఏం చెప్పాలి? డబ్బాను పై అరలో వెనక్కి తోసి, దాని ముందు గ్రీజు డబ్బాలు పేర్చాను.

రెండు వారాలకు ఆవిడే ఫోన్ చేశారు. "మిట్ట ఎక్కేటప్పుడు గుంయ్‌మని రొద చేస్తోందిరా, కాస్త వణుకుతోంది కూడా."

"కొత్త ఆయిల్ కదండీ, సర్దుకుంటుంది" అన్నాను. అంత నిబ్బరంగా అన్నాను, ఛీ.

ఆ తర్వాతి ఆదివారం బాంబూఫ్లాట్‌లో పోటు బాగా తగ్గి ఉంది. నీళ్లు తగ్గితే ఫెర్రీ నుంచి ఒడ్డుకెక్కే ర్యాంపు నిట్టనిలువుగా ఉంటుంది. టీచర్‌గారి కారు సగం ఎక్కి ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. వెనక జీపులు, లారీ, మోటార్‌సైకిళ్లు, అందరూ హారన్లు. జెట్టీవాళ్లు పరుగెత్తుకొచ్చి తోశారు. ఎవడో జీపులోంచి తల బయటపెట్టి, "అరే ఆంటీ, గాడీ చలానా నహీ ఆతా తో ఘర్ మే బైఠో!" అని, నడపడం రాకపోతే ఇంట్లో కూర్చోమని అరిచాడట. ఆవిడ పాఠం చెప్పే బస్తీ పిల్లలు కొందరు అక్కడే నిలబడి ఉన్నారు, ఎదురు రావడానికి.

కబురు తెలిసి నేను తర్వాతి ఫెర్రీలో వెళ్లాను. ఆవిడ జెట్టీ బెంచీ మీద కూర్చుని ఉన్నారు, ఒళ్లో పలకల సంచి. ఆయిల్ కొంచెం దింపి చూశాను. మాడు వాసన, అందులో మెరిసే ఇనుప పొడి. బెల్టు జారిజారి కప్పీలను గీసేసింది. గేర్‌బాక్స్ పోయింది.

"ఏమైందిరా?" అన్నారు ఆవిడ.

చుట్టూ జెట్టీవాళ్లు, మావాళ్లు. నన్ను మెకానిక్కని, మా నాన్న కొడుకునని గౌరవించే మనుషులు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు వెలపరంగా ఉంటుంది.

"ర్యాంపు మీద బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కేసుంటారు టీచర్‌గారూ. ఈ గేర్‌బాక్స్ అది తట్టుకోలేదు."

ఆవిడ తన కాళ్లకేసి చూసుకున్నారు. "తొక్కానేమోరా. కంగారులో తెలియలేదు" అన్నారు. ఆ తర్వాత నాకు క్షమాపణ చెప్పారు. "నువ్వు అంత శ్రద్ధగా చూసుకున్న బండి. నేను పాడుచేశాను."

వేరే గేర్‌బాక్స్ తెప్పించి నేనే బిగిస్తానని అన్నాను. ఆవిడ వద్దన్నారు. "ఇవాళ బండి ఆగింది. రేపు ఏ కాలు ఎక్కడ పడుతుందో తెలియకపోతే, ముందు పిల్లలుంటే? నాకిక వద్దురా" అన్నారు. కారు అమ్మేశారు. ఆదివారం క్లాసు ఆగిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా, భర్త మాస్టారు నవ్వుతూ, "మా ఆవిడ ఒకేసారి వెళ్దామనీ ఆగుదామనీ అనుకుంది లెండి" అనేవారు. ఆవిడా నవ్వేవారు. నేను ఉన్నప్పుడూ అన్నారు. నేనూ నవ్వాను.

నాలుగేళ్లు గడిచాయి. ఒక రోజు బాంబూఫ్లాట్ నుంచి మావాళ్ల ఆడమనిషి ఒకావిడ స్కూటీ రిపేరుకు వచ్చింది, వెంట పదమూడేళ్ల కూతురు. షెడ్డు గోడ మీద గంగమ్మ పండగ కరపత్రం అంటించి ఉంది, తెలుగులో. ఆ పిల్ల వేలు పెట్టి చదువుతోంది. విడి అక్షరాలు చకచకా చదివి, ఒత్తు కనపడగానే ఆగిపోతోంది, దాటేసి ముందుకు పోతోంది.

"ఒత్తులు రావేటమ్మా?" అన్నాను.

ఆ పిల్ల తల్లికేసి చూసింది. తల్లే చెప్పింది: "ఒత్తుల కాడికొచ్చేసరికి టీచరమ్మ రావడం మానేసింది భయ్యా. బండి నడపడం మర్సిపోనాదంట పాపం, ముసలైపోనాది కదా."

నాకు స్కూటీ పని చెయ్యబుద్ధి కాలేదు. ఇంకొకరికి అప్పగించి, పై అరలో గ్రీజు డబ్బాలు పక్కకు తీశాను. సీల్ విప్పని డబ్బా, దుమ్ము పట్టి, అలాగే ఉంది. దాన్ని తుడిచి లంబాలైన్ వెళ్లాను.

టీచర్‌గారు వరండాలో ఉన్నారు. రెండు మోకాళ్లకూ పట్టీలు. డబ్బా ఆవిడ ముందు పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, అంతా చెప్పాను. వాన, దింపిన ఆయిల్, ఎర్ర డబ్బా, బుధవారం, జెట్టీ మీద ఆడిన అబద్ధం. తిడతారని వచ్చాను. చెంప మీద కొట్టినా బాగుండునని వచ్చాను.

ఆవిడ డబ్బా మీద రాసింది చదువుకున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"అంటే ఆ రోజు నేను బ్రేకు తొక్కలేదా?"

"లేదు టీచర్‌గారూ."

"సరిగ్గానే నడిపానా?"

"సరిగ్గానే నడిపారు. తప్పు నాది."

ఆవిడ లోపలికి తిరిగి గట్టిగా పిలిచారు. "ఏమండీ! విన్నారా? నేను సరిగ్గానే నడిపానట!" ఆ గొంతులో సంతోషం విని నేను గోడకు ఆనుకుపోయాను. మాస్టారు బయటికి వచ్చారు. ఆయన ముందు నాచేత మళ్లీ చెప్పించారు. ఆయన ముఖం నల్లబడిపోయింది. నాకేసి చూడలేదు, ఆవిడకేసి చూడలేదు, డబ్బాకేసే చూస్తూ నిలబడ్డారు.

ప్రతి ఆదివారం నా బండిలో బాంబూఫ్లాట్ తీసుకెళ్తానని అన్నాను. ఆవిడ మోకాళ్ల పట్టీల మీద చెయ్యి వేసుకుని, ఇప్పుడు వాకిలి దాకా నడవడమే కష్టంగా ఉందన్నారు. ఆ పిల్లను ఇక్కడికే పంపమన్నారు, ఒత్తులు చెప్తానన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు.

సెలవు తీసుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచారు. కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వుతున్నారు.

"నాలుగేళ్లుగా కల్లో కూడా ఆ ర్యాంపే వస్తుందిరా" అన్నారు. "ఎన్నిసార్లు వచ్చినా బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేకపోతున్నాను."